గోడకవతల

హాలు పొడుగెంతని దుకాణంలో అడిగితే
చీర కొలతలో చెప్పాను.
పొడుగు, చీరకి ఒక మూర తక్కువ.
వెడల్పు సగం చీర, అదీ కుట్టుమెషిన్ జరిపితే.

దిబాకర్ పాత్రో నవ్వలేదు.
రాయగడ బజారులో పాతికేళ్లుగా
ఫ్యాన్లూ మిక్సీలూ అమ్ముతున్న మనిషి,
ఎన్ని రకాల కొలతలు విని ఉంటాడో.
"అయితే అయిదు పెట్టెల సెట్టు వద్దమ్మా,"
అన్నాడు గుండ్రటి ఒడియా యాసలో,
"అవన్నీ కూర్చున్నాక మీరెక్కడ కూర్చుంటారు?"

మా పైడిగాడు మూతి ముడుచుకున్నాడు.
వాడి కాగితం నిండా వాట్లు.
నా కాగితం మీద ఒకటే అంకె,
చిట్టీ పాడుకుంటే వచ్చిన ఏడు వేలు.
అందులో గ్యాసుబండ అప్పుడే కొంత కొరికేసింది.

ఆయనకి స, శ, ష వినపడవు.
కాగితం మిల్లులో వెదురు నరికే యంత్రం పక్కన
పంతొమ్మిదేళ్లు.
అది ముందు సన్నటి చప్పుళ్లు తినేసింది,
పిచ్చికల్నీ, కుక్కరు కూత చివరనీ.
తర్వాత నేను "సరే" అంటే
ఆయనకి "రే" మిగిలింది.
ఏమీ అనడు. తలాడిస్తాడు.
టీవీ ముందు అందరూ నవ్వాక నవ్వుతాడు
ఒక్క గుక్క ఆలస్యంగా.
ఆ ఒక్క గుక్కకే ఈ ఏడు వేలు.

పాత్రో ముందు పెద్దది మోగించాడు.
అద్దాల బీరువాలో బల్బులు గలగలలాడాయి.
నా రొమ్ము ఎముక మీద ఎవరో తలుపు తట్టారు.
పైడిగాడి కళ్లు పెట్రోమాక్సులు.
ఆయన మాత్రం అటూ ఇటూ చూసి
"మాటేదీ?" అన్నాడు.

రెండోది అప్పడాల కర్రంత లావు,
రెండు మూరల పొడుగు,
పక్కన కుంచమంత డబ్బా ఒకటి.
దీన్నించా అనుకున్నాను.
పాత్రో తెలుగు వార్తలు పెట్టాడు.
ఆయన ముందుకి వంగాడు, నోరు కొంచెం తెరిచి,
ఆ వార్తలమ్మాయి వెనకే అన్నాడు
"శ్రీకాకుళంలో వర్షాలు."
శ తో సహా. ష తో సహా.

అరవై మూడు వందలకి ఒప్పించాను.
వైరు ఊరికే ఇమ్మన్నాను, ఇచ్చాడు.
ఇంకో వంద తగ్గించమని అడగబోయి
ఎందుకో గొంతు పెగల్లేదు.

ఇంట్లో టీవీకి ఉన్నది ఒకటే గోడ.
అవతల ఝరణా మౌసీ.
తెల్లారగట్ల నాలుగింటికి లేచి
స్టేషన్ దగ్గర చకులి అట్లు పోసే మనిషి,
తొమ్మిది దాటితే నిద్ర.
డబ్బా కింద పాత బొంత నాలుగు మడతలు పెట్టాం.
ఎనిమిదిన్నరకి గోడ మీద దబదబ.
పైడిగాడు తగ్గించాడు.
మళ్లీ దబదబ. ఇంకా తగ్గించాడు.
మూడోసారి తలుపు దగ్గరే ఉంది,
జుట్టు విరబోసుకుని, చేతికి పిండితో.

"నాయ్ నాయ్, తగ్గించకండి.
మీ ధుం ధుం ఒక్కటే నా ఇంటికొస్తంది,
మాటలన్నీ మీ దగ్గరే ఉండిపోతన్నాయి.
కొట్టుకోడం తెలుస్తంది,
ఎందుకు కొట్టుకుంటన్నారో తెలీడం నేదు."

కుట్టుమెషిన్ స్టూలు లాగి వేశాను.

ఇప్పుడు ఆదివారాలు నలుగురం,
సగం చీర వెడల్పులో.
జోకు పేలగానే ఆయన నవ్వుతాడు,
నాకంటే ముందు కూడా ఒక్కోసారి.
ఆలస్యం ఇప్పుడు మౌసీది,
అట్లు అమ్ముకునేంత తెలుగే ఆమెకి.
ఆయన ఆమె వైపు తిరిగి
వచ్చినంత ఒడియాలో, రానిది చేతుల్తో,
ఎవరు ఎవర్ని ఎందుకు మోసం చేశారో
మొదట్నించీ చెప్పుకొస్తాడు.

"అబ్బా, నాన్నా, సౌండు!"
అంటాడు పైడిగాడు.