మూడు పూసలు

గోడ మీది బోర్డులో
చిట్టచివరి చీమతలకాయంత అక్షరం దాకా చదివేశాను.
"కళ్ళు భేషుగ్గా ఉన్నాయి, ఏసోబు గారూ" అన్నాడు డాక్టరు.
భేషుగ్గా ఉంటే మరి
నూటపది టిక్కీల తేజా
నా పట్టీ మీద పదకొండు వందలు ఎట్లా అయింది?
సున్నా కడుపులోంచి ఇంకో సున్నా.

గుంటూరు యార్డులో ఇరవై రెండేళ్ళు
ఘాటుకు తుమ్మకుండా లెక్క రాసినవాణ్ణి.
మొదటిసారి షావుకారు నవ్వాడు.
రెండోసారి నవ్వలేదు.
మూడోసారి నా కుర్చీలో
ఆయన బామ్మర్ది కూర్చుని ఉన్నాడు.

సలోమి టీ అందిస్తే
రెండు గ్లాసుల నడుమ గాలిని పట్టుకున్నాను.
చర్చిలో వాక్యం చదవమంటే
ఒక వరుసలో మునిగి మూడో వరుసలో తేలాను.
ముందు బెంచీలో ఎవరో
నా వైపు వాసన చూశారు.

అరండల్‌పేటలో ఒక మేడ మీది గది.
ఫర్హానా అనే అమ్మాయి, నా మేనకోడలి ఈడు.
"చూపు ఉంది అంకుల్. రెండు కళ్ళకూ పొత్తు లేదు."
నాకు నా భాషలో అర్థమైంది:
ఒక బస్తా, ఇద్దరు హమాలీలు.
ఒకడు ఎత్తేశాక ఇంకొకడు వంగుతున్నాడు.

మూడు పూసల దారం ఇచ్చింది,
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.
ఒక కొస కిటికీ ఊచకు, ఒక కొస నా ముక్కుకు.
ఎర్రపూసనే చూస్తుంటే
దారం రెండుగా విడి, పూస దగ్గర కత్తెరలా కలవాలట.
నాకు ఒక్కటే దారం.
నవ్వొచ్చింది.
ఒకటి కనబడాల్సిన చోట రెండు,
రెండు కనబడాల్సిన చోట ఒకటి.
"ఒక కన్ను పని ఎగ్గొట్టి పడుకుంటోంది" అంది.

రోజూ పొద్దున్నే, స్కూలు ఆటో వచ్చేలోపు,
కెజియా పెన్సిలు పట్టుకుని నా ముక్కు దాకా తెస్తుంది.
"చెదిరిందా నాన్నా?"
"ఇంకా లేదు."
"అబద్ధం. నీ ఎడమ కన్ను గుమ్మంలోకి పోయింది."

కణతలు పగిలేవి. కడుపులో తిప్పేది.
మూడో వారం దారాన్ని బియ్యం డబ్బా వెనక్కి విసిరేశాను.
మర్నాడు అది మళ్ళీ ఊచకే ఉంది.
ఎవరు కట్టారని నేను అడగలేదు.
పిల్ల జడ వేసుకుంటోంది.

ఏడో వారమో, ఎనిమిదో,
ఎర్రపూస దగ్గర దారం విచ్చుకుంది.
ఇటొకటి, అటొకటి.
ఎవరికీ చెప్పలేదు,
చెబితే మళ్ళీ అంటుకుపోతుందేమోనని.

ఇప్పుడు మధ్యాహ్నం దాకా కొట్టుకు వెళ్తున్నాను.
నాలుగైతే అంకెలు ఇంకా వదులవుతాయి.
కలానికి మూత పెట్టేస్తాను.
మిగతాది బామ్మర్ది రాస్తాడు,
చేతిరాత మాత్రం దరిద్రం.

నిన్న ఆ దారం మీద
సలోమి చేతిరుమాలు ఆరేసింది.
తియ్యమన్నాను.
తీస్తూ ఆగి అడిగింది, "ఎన్ని పూసలు?"
పరీక్షేనని తెలుసు.
మూడే.