నున్నటి వేళ్లు

గాజుపలక మీద మళ్లీ పెట్టమంటాడు పిల్లోడు.
కొంగుకు తుడుచుకొని పెడతా.
ఎర్రగీత.
"గట్టిగా ఒత్తమ్మా."
ఒత్తినా. అది బండైతే ఈపాటికి అద్దం చేసిందును.

కడప పోస్టాఫీసులో పదకొండు గంటలు.
ఫ్యాను తిరగతానే ఉంది, గాలి యాడికి పోతాందో.
సంచిలో నిడుజివ్వి గని లీజు కాయితం,
మూడేండ్ల జీఎస్టీ రసీదులు,
ఆ దేశం బాసలో నా అంగడి పేరు చెక్కిన రబ్బరు ముద్ర.
పోర్తోలో, ఏటిగట్టు సందులో, పదడుగుల అంగడి.
బాడుగ కడతాండా, పన్ను కడతాండా,
అయినా నేను ఆడ ఉండొచ్చునో లేదో
ఒక కార్డు చెప్పాల.

నిన్న ఎర్రగుంట్లలో ఫారం నింపేటప్పుడు
"యజమాని పేరు?" అని
ఏజెంటు నన్ను దాటి
లారీ డ్రైవరు ఓబులేసు దిక్కు చూసె.
ఓబులేసు నవ్వాపుకోలేక బయటికి పాయ.
దూదేకుల హుసేనమ్మ, అంటి.
"వ్యాపారం?"
రాయి.
"అదే, ఏం రాయాల?"
రాయి అనే రాయి, నాయనా.

నా బండలు నాకంటే ముందే పోయినాయి.
చెన్నై రేవులో ఓడెక్కి
ఎవురో ముసలామె వంటగట్టు మీద,
ఒక బడి మెట్ల మీద
ఏండ్లనాటినుంచి పండుకోనుండాయి.
ఎన్నాళ్లుంటారని వాటిని ఏ ఆఫీసరూ అడగలే.
వాటికేం, నల్లగా సల్లగా ఉండాయి.

పదహారేండ్లకే పాలిషు మిషను కాడ నిలబడినా.
నీళ్లు, రజను, రాయి.
దాని గరుకు నేను తీస్తి,
నా గరుకు అది తీసె.
ఎవురి నునుపు ఎవురిదో ఇప్పుడు తేలదు.
నేను యజమానినని చెప్పేదానికి
ఇంతకు మించిన దాఖలా యాడ తెద్దును?
ఆ దాఖలానే అడ్డం పడె.

పిల్లోడు తడిగుడ్డ ఇచ్చినాడు,
డబ్బాలోంచి వాజిలీను ఇచ్చినాడు,
తన వేలితో నా వేలిని అదిమిపెట్టి చూసినాడు.
బొటనవేలు, ఎర్ర. చూపుడువేలు, ఎర్ర.
వరసలో నా వెనక తొమ్మిదిమంది గొణుగుతాండ్రు.

ఎడమచేతి చిటికెనవేలికి
పచ్చగీత వచ్చె.

పలక పట్టేటప్పుడు ఎప్పుడూ పక్కకు లేచి నిలబడేది అది.
ఇన్నేండ్లలో పని చేయని వేలు అదొక్కటే.
కార్డు దాని పేరుమీద ఇస్తారేమో.

మిగతావాటికి ఇంకో తేదీ రాసిచ్చినాడు.
మెట్లు దిగతాంటే
"ఐపాయనా అక్కా?" అనె ఓబులేసు.
ఒక వేలు అయింది, అంటి.