నీవమ్మ నేల

గ్రీమ్స్‌పేటలో ఆ ఇంటిని కొన్నాయన
నన్ను పిలిచి చెప్పినాడు:
పాత మొజాయిక్ పగలగొట్టే పని లేదు,
దానిమీదనే టైల్స్ పరిచెయ్,
తలుపుల కింద అర అంగుళం కోసుకుంటే సరిపోతాది.
సరేనన్నాను. పని పనే.

నడిగదిలో టేపు లాగుతుంటే
గీత కనపడింది.
ఉంటాదని తెలుసు నాకు. అయినా చేతిలోంచి టేపు జారి
సర్రుమని డబ్బీలోకి పోయింది.

గీతకు ఇవతల తెల్లరాయి, నడుమ నడుమ ఎర్ర పలుకులు,
ఓడెక్కి వచ్చినవి.
అవతల కుప్పం పచ్చరాయి,
మా తాత మునెయ్య సుత్తితో కొట్టి జల్లెడ పట్టినవి.
ఇవతల పరిచింది జాకమ దొర.
అవతల, పన్నెండేళ్ల ఆయన కూతురు.

పిల్ల పేరు నివెస్.
వాళ్ల మాటలో మంచు అని అర్థమంట.
చిత్తూరులో ఎవురికీ నోరు తిరగలేదు, నీవమ్మ అన్నారు,
మన యేటి పేరు పెట్టుకున్నారే అని మురిసినారు కూడా.
ఏడాదిలో పది నెలలు ఇసకే పారే యేరు.
"మంచు పేరు పెట్టి ఇసకలో వదిలిపెట్నారు రా" అని
తొంభై దాటినాక గూడా నవ్వేది ఆయమ్మ,
పైపళ్లు లేని నవ్వు.

యుద్ధమొచ్చిన యేడు, జూన్ నెల.
గచ్చు ఇంకా పచ్చిగా ఉండంగానే పోలీసులొచ్చినారు.
రాత్రికి రాత్రి ఇటలీవోళ్లంతా శత్రువులంట.
దొర ఒక బొక్కెన నీళ్లడిగి చేతులు కడుక్కున్నాడు,
తడిగుడ్డ ఆరనీకుండా చూడమని కూతురికి చెప్పి
బండెక్కినాడు.
వేరే మాటే లేదు.

మూడోరోజు గుడ్డ తీస్తే సగం గది.
ఇంటి వకీలు అడ్వాన్సు వెనక్కి ఇమ్మన్నాడు,
అదెప్పుడో బియ్యమైపోయింది.
పిల్ల మా తాత దగ్గరికొచ్చి,
"మునెయ్యా, నాకు రసమట్టం చూసేది తెలుసు,
నీకు రాయి కొట్టేది తెలుసు" అనిందంట.

ఆరేళ్లకు దొర తిరిగొచ్చినాడు, తెల్లగడ్డంతో.
కూతురి మొహం తర్వాత చూసినాడు.
ముందు వకీలింటికి పోయి, మోకాళ్లమీద కూచోని,
గీతమీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ జరిపినాడు.
రసమట్టం అడిగినాడు.
బుడగ నడిమధ్యన నిలబడింది.
అప్పుడు ఏడ్చినాడంట. ఇది మా తాత మాట.
కంట్లో రాతిదుమ్ము పడిందనేది ఆయమ్మ మాట.

ఆ తర్వాత యాభై ఏళ్ల పని.
మోకాళ్ల కింద గోనెసంచి మడిచి వేసుకోని
బ్యాంకులు, కాన్పుల ఆస్పత్రి, తిరపతి సత్రాలు.
తిరపతిలో దిగినోళ్లంతా కొండకేసి చూస్తారు,
కింద చూసేదెవురు?

కాంపౌండరు దేవదానాన్ని చేసుకుంది.
పదకొండేళ్లున్నాడు ఆయన.
వకీలు మనవళ్లు ఈ ఇల్లు అమ్మితే తనే కొనింది,
మంచం గీతకు అడ్డంగా వేసుకుంది,
తల నాయన రాళ్లమీద, కాళ్లు తన రాళ్లమీద.

నేను పాలిష్ మిషను తోలుకోని పోతే
సంగటి పెట్టేది, శెనక్కాయల ఊరిబిండి వేసి.
వాళ్లమ్మ మొక్కజొన్న పిండి ఇట్లనే గెలికేదంట,
"పిండి మారింది, తెడ్డు మారలేదు" అనేది.
ఒకసారి అడిగినాను,
ఇటలీ చూడాలని లేదా అవ్వా?
"యాడికి రా గుర్నాథా,
మోకాళ్లు ఈడ అరగదీసుకొని?"

పోయిన ఆడికృత్తికకి పోయింది. తొంభై నాలుగు.

నిన్నటితో టైల్స్ పని అయిపోయింది.
అద్దం మాదిరి మెరుస్తాంది గది,
ఫ్యాను కూడా కనపడతాంది అందులో.
గీతమీది ఒక్క పలకకు మాత్రం
కింద సిమెంటు పెట్టలేదు నేను.
ఊరికే ఆనించి, అంచుల్లో తెల్ల సిమెంటు పూసినాను.

పొద్దున్నే ఇంటాయన ఫోను:
నడిగదిలో ఒకటి డొల్లగా మోగుతాందే గుర్నాథా?

వచ్చి చూస్తాలే సార్ అన్నాను.
వచ్చే వారం.
కాకుంటే ఆపై వారం.