ఒక్క గీత

దేవరకొండ దవాఖాన, ఆడోళ్ల వార్డు.
రాత్రి రెండు దాటింది.
ఏడో మంచం మీద ఈదమ్మ.
పదకొండో మంచం మీద ఈదమ్మ.
ఇద్దరికీ అరవై అని రాసిండ్రు ఓపీల,
పుట్టిన ఏడు ఎవరికెరుక, అంతా అందాజ.

ఒకామెకు కాలి పుండు, ఒకామెకు దమ్ము.
ఇద్దరికీ అదే సూది రాసి పోయిండు డాక్టరు.
రెండు షీట్ల నడుమ నాలుగు మడతల పాత చీటీ,
మిర్యాలగూడ దవాఖానది:
"ఈదమ్మ, భర్త రామలింగం.
ఈ సూది పడదు. గొంతు మూసుకపోయింది."
ఏ బిడ్డ తెచ్చిచ్చిందో,
పగటి డ్యూటీల ఎవరు పెట్టిండ్రో.

దద్దుర్లు లేచినయా అంటే
ఇద్దరికీ లేచినయి, ఎప్పుడో, దేనికో.

"అవ్వా, నీ పెనిమిటి పేరేంది?"
ఏడో మంచం కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది.
"గుట్ట మీది దేవుని పేరే బిడ్డా."
నర్సింహ, రాసుకున్న.
పదకొండో మంచం గూడ అదే సిగ్గు, అదే మాట.
నర్సింహ, చెయ్యి దానంతటదే రాసింది.

మరి ఈ చీటీ ఎవరిది?

మళ్ల పోయిన.
"ఏ గుట్టనే అవ్వా? యాదగిరిగుట్టనా?"
దమ్ములకెల్లే నవ్వింది.
"కాదు, చెర్వుగట్టు. అమాసకు పోయి నిద్ర జేస్తం."
నమ్ముతనో లేదో అని
రైక చెయ్యి పైకి జరిపి చూపించింది.
ముడతలల్ల సాగిన పచ్చబొట్టు.
"రా" తెలుస్తుంది, "లిం" తెలుస్తుంది.
లగ్గమైన ఏడు సూదితోటి రాసిన కేస్ షీటు.

నిరుడు వానకాలం
ఇచ్చిన మందు ఇచ్చినట్టు రాయలే నేను.
కరెంటు పోయింది, పురుడు కేసు వచ్చింది,
తర్వాత రాద్దామనుకున్న.
తెల్లారి వచ్చినామె ఖాళీ గడి చూసి
మళ్ల ఇచ్చింది. ఆమె తప్పేమున్నది.
ఆ మనిషి బతికిండు,
రెండు దినాలు కండ్లు తెరవకుంట పండి బతికిండు.
చిటికెన వేలి గోరంత గడి.
ఇప్పటికీ కలల అది తెల్లగనే ఉంటది.

తప్పు రాసిన కాయితం చింపబుద్ధి అయితది,
తెల్లరంగు పూసి దాచబుద్ధి అయితది.
చింపలే.
నర్సింహ మీద ఒక్క గీత గీసిన,
కొట్టేసిన పేరు గూడ చదవొచ్చేటట్టు.
పక్కన రామలింగం.
రెండు నలభై. నా సంతకం.
చీటీ ఆ షీటుకు పిన్ను కొట్టి
పైన ఎర్ర సిరాతోటి, కొట్టొచ్చినట్టు:
ఈ సూది ఇయ్యొద్దు.
డాక్టరుకు ఫోన్ కలిపిన.

"ఏం రాస్తున్నవు బిడ్డా, ఇంత రాత్రి?"
"నీ పేరే అవ్వా."
"నా పేరు రాసిండ్రు గదనే పొద్దుగాల."
"ఆ. ఇప్పుడు నీకే రాస్తున్న."