రెండో మూల

మా ఊరు దర్ఖాన్. మంగోల్ భాషలో కమ్మరి అని అర్థం.
సముద్రం ఏ దిక్కున ఉందో మాలో ఎవరికీ తెలీదు.
అలాంటి చోట, మైనస్ ముప్ఫై రెండు చలిలో
వంటింటి బల్ల మీద
గొంబో చేపలకి ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు.

అమ్మని చేసుకుని అప్పటికి నాలుగు నెలలు.
ఏమని పిలవాలో తెలీక
నేను దగ్గేదాన్ని.
ఆయన తిరిగి చూసేవాడు.

గాజు, మూతపడ్డ ఉన్ని మిల్లు కిటికీలది.
ఒక పలకలో పెసరగింజంత బుడగ.
అది ముందువైపు ఉండాలన్నాను. సరేనన్నాడు.
అడుగుకి ప్లాస్టిక్ షీటు:
దుమ్ముగాలికి ఊడిపడ్డ రొట్టెల కొట్టు బోర్డు,
బేరమాడి, భుజాన వేసుకుని తెచ్చాడు.
దాని మీద ఇంకా నాలుగు నీలం అక్షరాలు, రొట్టె అని.
"అక్షరాలు పైకా, కిందికా?"
"పైకే. చేపలు చదువుకుంటాయి."
ఆయన నాతో వేసిన మొదటి జోకు అది.
నేను నవ్వలేదు.

గాజుకి గాజు ఇట్టే అంటుకుంటుంది.
ప్లాస్టిక్ అలా కాదు.
గరుకు కాగితంతో రుద్ది రుద్ది దాని నునుపు చంపాలి,
లేకపోతే అంటుకున్నట్టే ఉంటుంది, అంతే.
రెండు మూలలు నాకిచ్చాడు, రెండు తను తీసుకున్నాడు.
తర్వాత స్పిరిట్‌తో తుడిచి, టేపు వేసి,
సిలికాన్ గొట్టం నొక్కుతుంటే
ఇల్లంతా పులిసిన వాసన.
సబ్బునీళ్ళలో వేలు ముంచి
కాటుక దిద్దినట్టు మూల పొడుగునా ఒక్క గీత గీశాడు.
పలకలు జారకుండా రెండరచేతులతో ఒత్తిపట్టుకోవడం నా పని.
ముక్కు దురద పుట్టింది. గోక్కోలేదు.

వారం రోజులు ఒళ్ళో గిన్నెలు పెట్టుకుని తిన్నాం.
అమ్మ సణిగింది.
ఆరో రోజుకి సణగడం కూడా మానేసింది.

ఎనిమిదో రాత్రి, కింద పాత పేపర్లు పరిచి, నలభై లీటర్లు నింపి
ఆయన విద్యుత్ కేంద్రంలో నైట్ డ్యూటీకి వెళ్ళాడు.
"కాగితం తడిస్తే ఫోన్ చెయ్యి."
దుప్పటి కప్పుకుని కూర్చున్నాను.
ఒంటిగంట దాటాక
వాతావరణ సూచన మీద ఒక చుక్క.
దాని పక్కన ఇంకొకటి.

నీరు పల్లమెరుగు.
నిజం నేనెరుగుదును:
రెండో మూల రుద్దింది నేను.
చెయ్యి నొప్పెట్టి సగంలో ఆపేసి
అయిపోయిందన్నాను.

బాయిలర్ దగ్గర ఎవరో ఫోనెత్తారు. వెనక ఆవిరి రొద.
"ఎవరు? గొంబోకి ఏమవుతావు?"
ఏమవుతాను?
"చేపల తొట్టి" అన్నాను.
అవతల అరుపు వినిపించింది:
"గొంబో! నీకు చేపల తొట్టి ఫోన్ చేస్తోంది!"

తెల్లారి వచ్చాడు, కనుబొమల్లో బొగ్గునుసి, మీసం మీద మంచు.
నీళ్ళు తోడి, బ్లేడుతో ఆ మూల విప్పి
షీటుని దీపానికి ఎదురు పట్టాడు.
సగం మసక. సగం తళతళ.
చాలాసేపు చూశాడు.
తర్వాత నా వైపు చూడకుండా
గరుకు కాగితం రెండుగా చింపి
ఒక ముక్క నా చేతిలో పెట్టాడు.
రుద్దుతూ ఉన్నాను. పక్కన కుర్చీలోనే,
బూట్లు కూడా విప్పకుండా, నిద్రపోయాడు.

ఈసారి మూడు రాత్రులు కాగితం పొడిగా ఉంది.

చేపలు ఉలాన్‌బాతర్ నుంచి రైల్లో వచ్చాయి,
థర్మాస్‌లో, ఆయన కోటు లోపల, పొట్టకి ఆనుకుని.
ఐదు గప్పీలు. ఒకటి దారిలోనే పోయింది.
"చేపలు కళ్ళు మూయవు, రాత్రి కాపలా వాటికి వదిలెయ్" అన్నాడు.
డ్యూటీకి వెళ్తూ
గాజు మీద గోటితో రెండుసార్లు తట్టేవాడు,
షిఫ్టు అప్పగించినట్టు.

ఇసక పల్చగా పోసినట్టున్నాం.
ఒక సాయంత్రం, తోక చిరిగిన చేప
ఇసక చెదరగొట్టి
మొదటి నీలం అక్షరాన్ని మూతితో పొడుస్తోంది.
నేను దగ్గాను.
గొంబో బూటు తాడు కట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.
"చూశాలే," అన్నాడు, "చదువుతోంది."