చనువు పట్టిక

ఐదు గడులు అడ్డం, ఐదు నిలువు.
త్బిలిసీలో ఒక పాత ఉమ్మడి లోగిలి,
చుట్టూ కొయ్య వసారాలు, మధ్యలో ఒకటే కుళాయి.
పై వసారాలో నెస్తాన్, ఒళ్ళో ఇంటిపని:
పరిమిత సమితి ఒకటి తీసుకో,
దాని మీద ఒక సంబంధం నిర్వచించు,
తుల్య సంబంధమో కాదో తేల్చు.

అంకెలు తీసుకుంటే పావుగంటలో అయ్యేది.
ఈ పిల్ల మనుషుల్ని తీసుకుంది.
ఎతెరీ, జుజునా, ఆర్సెన్, త్సియాలా, ముర్మాన్.
సంబంధం: తలుపు తట్టకుండా
ఫలానా వాళ్ళింట్లోకి పోగలగడం.

ముందు వికర్ణం. ఎవరింటికి వాళ్ళు.
ఇందులో చూడ్డానికేముందని
టిక్కు, టిక్కు, టిక్కు, టిక్కు,
మెట్లు దిగినట్టు దిగి
చివరి గడిలో పెన్సిలు ఆగింది.

ముర్మాన్ తన తలుపు తానే తడతాడు.
పోయిన చలికాలం నుంచీ.
ఆ లోగిట్లో ఎవరూ తాళం వేయరు, తోస్తే చాలు.
అయినా మూడుసార్లు తట్టి,
టోపీ తీసి, కాసేపు నిలబడి,
అప్పుడు తోస్తాడు.

పరావర్తనం పోయింది.
ఒక్క ఖాళీ గడి చాలు, జవాబు "కాదు".
పుస్తకం మూసేయొచ్చు.
మూయలేదు.

సౌష్ఠవం: త్సియాలా ఆర్సెన్ ఇంట్లోకి
గరిటెతో సహా దూసుకుపోతుంది.
ఆర్సెన్ మాత్రం ఆమె గడపలో దగ్గుతాడు.
దగ్గు తట్టడం కిందికి వస్తుందా?
నిర్వచనంలో రాసుకోలేదే!
టిక్కు పెట్టింది. చెరిపింది.
ప్రశ్నార్థకం పెట్టింది. అదీ చెరిపింది.
కాగితం అక్కడ పల్చబడింది.

సంక్రమణం: ఎతెరీ త్సియాలా ఇంట్లోకి పోతుంది,
త్సియాలా ముర్మాన్ ఇంట్లోకి సూపు పట్టుకుపోతుంది,
కాబట్టి ఎతెరీ ముర్మాన్ ఇంట్లోకి
పోదు.
బట్టలారేసే తీగ మీద తగువు,
నెస్తాన్ పుట్టకముందుది.
"కాబట్టి" ఆ తీగ దగ్గరే తెగింది.

టీచరు చెప్పింది గుర్తుంది:
లేని జతలు చేర్చుకుంటూ పోతే
ఏ సంబంధాన్నైనా తుల్యం చేయొచ్చు,
కాకపోతే అది నువ్వు మొదలుపెట్టిన సంబంధం కాదు.
పెన్సిలు మొన చివరి గడి మీద ఆనించి చూసింది.
ఆయన గడి. ఆయనే నింపుకోవాలి.

వాన మొదలైంది. గేటు దగ్గర
నల్ల గొడుగు ఒకటి తడబడుతూ ముడుచుకుంటోంది.
నెస్తాన్ చెప్పుల్లేకుండానే దిగి పరుగెత్తింది.

మూడుసార్లు తట్టిన చప్పుడు.
కాసేపు.
"తీసే ఉంది, రండి," అంది లోపల్నుంచి.

సమితి రాసేటప్పుడు
తనను తాను లెక్కేసుకోవడం మరిచిపోయింది.
పట్టికకి ఇప్పుడు పదకొండు గడులు కొత్తవి.
ఒకదాంట్లో, తడికాళ్ళ గుర్తుల్లాంటి
టిక్కు.