రెండుసార్లూ ఒకటే అయితేనే

బుడమేరు దిగిపోయాక
సింగ్ నగర్ పైపుల రోడ్డు పక్క సందులో
ఏసోబు బాబాయి మైక్ సెట్ షాపు
ఎవరో పుక్కిలించి ఉమ్మినట్టుంది.
యాంప్లిఫయర్లు పోయాయి. హారన్లలో నత్తలు.
మిగిలింది ఒక ప్లాస్టిక్ బకెట్టు,
అందులో రెండొందల పన్నెండు సీడీలు,
అరంగుళం మందాన బురద.

"చూడమ్మా, ఏవైనా పలుకుతాయేమో."

మంచినీళ్ళతో కడిగి
మెత్తటి పాత బనీనుతో మధ్య నుంచి అంచుకి తుడిచాను.
గుండ్రంగా తుడిస్తే గీత పడుతుంది,
గీత పడితే మాట తడబడుతుంది.
బురద పోయింది. దాంతోపాటే
స్కెచ్ పెన్నుతో ఆయన రాసుకున్న పేర్లూ పోయాయి.
డాబా మీద ఆరబెడితే
కాకులు రెండ్రోజులు ఆ వైపు రాలేదు.

పాలిటెక్నిక్ ల్యాబులో పక్కన పడేసిన డ్రైవు ఒకటి తెచ్చి
నలభై వరసల స్క్రిప్టు రాశాను.
గొప్ప వరసలేం కావు:
పళ్ళెం లోపలికి వచ్చిందా చూడు.
ఎన్ని ట్రాకులో లెక్కపెట్టు.
ఒక్కోదాన్నీ చదువు. మళ్ళీ చదువు.
రెండుసార్లూ ఒకటే అయితేనే నమ్ము, దాచు.
కాకపోతే మొదటికి రా.
అయిపోతే పళ్ళెం బయటికి తోసి ఇంకోటి అడుగు.

రాత్రంతా అది పళ్ళెం చాపుతూనే ఉంది,
బంతిలో ఆకలి మీదున్న పిల్లాడిలా.
నేను వడ్డిస్తూనే ఉన్నాను.

ఇంటర్నెట్ జాబితాల్ని పేరడిగితే
తెలియని గాయకుడు, తెలియని ఆల్బం, ట్రాకు ఒకటి.
తెలియకపోవడమేమిటని బాబాయికి కోపం.
స్పీకరుకి చెవి ఆనించి ఆయన చెప్తుంటే నేను టైపు కొట్టాను:
"స్వీపర్ల సమ్మె, పదమూడో రోజు. డప్పు మా తమ్ముడిదే."
"వాంబే కాలనీ చర్చి, క్రిస్మస్ ముందు రాత్రి.
ఇదిగో, ఇక్కడే కరెంటు పోయింది."
"ఉర్సులో కవ్వాలీ. మీరావలికి ఆ ఏడు గొంతు బొంగురు."
"ఇదెవరి పెళ్ళో. డబ్బులివ్వలేదు. అది కూడా రాయి."
రాశాను.

నూట నలభై ఆరోది ఏడో ట్రాకు దగ్గర ఆగింది.
డ్రైవు మూలిగింది, వేగం తగ్గించుకుంది,
చీకట్లో గడప కోసం కాలు చాపినట్టు తడిమింది.
చదివింది. మళ్ళీ చదివింది. కలవలేదు.
పదకొండుసార్లు. పదకొండూ వేరు.
విన్నాను. ఒకావిడ మైకు పరీక్షిస్తోంది:
"ఒకటి... రెండు... మూడు..."
తరవాత గరగర,
తరవాత "ఐదు",
ఆ వెంటనే ఆపుకోలేని నవ్వు.

బాబాయి చొక్కా గుండీ తిప్పుతూ కూచున్నాడు.
"మీ పిన్ని" అన్నాడు.
బుధవారం చెప్పాడు: గాంధీనగర్లో సభ,
స్టేజీ ఎక్కిస్తే సిగ్గుతో నవ్వేసింది.
శుక్రవారం చెప్పాడు: సభెక్కడిది, షాపు తెరిచిన రోజది,
నాలుగు మర్చిపోయి నవ్వింది.
అక్కడ గీతేం లేదట, ఆమె అసలు నాలుగు అనలేదట.
రెండూ ఒట్టేసి చెప్పాడు.

నా స్క్రిప్టు లెక్కన
ఆయన్ని దాచడం కుదరదు.

అర్ధరాత్రి దాటింది. దూరంగా ఎక్కడో గూడ్సు
పెట్టె తరవాత పెట్టె, పెట్టె తరవాత పెట్టె.
ఎన్నో అని లెక్కపెడుతూ మధ్యలో తప్పాను.
లేచి నలభై ఒకటో వరస రాశాను:
పదకొండుసార్లూ కలవకపోతే
పదకొండూ ఉంచు.

ఇప్పుడా ఫోల్డరులో పిన్ని
పదకొండుసార్లు లెక్కపెడుతుంది.
ఒకదాంట్లో గరగర పొట్టి, ఇంకోదాంట్లో నవ్వు సగం.
తొమ్మిదోదాంట్లో మాత్రం,
హెడ్‌ఫోను పెట్టుకుని ఫ్యాను ఆపేస్తే,
"నా" లాంటిదేదో ఉంది.
నాలుగులో నా కావచ్చు.
నవ్వబోయే ముందు పీల్చిన ఊపిరైనా కావచ్చు.

బాబాయికి ఇంకా చెప్పలేదు.
పళ్ళెం బయటికొచ్చి చాలాసేపైంది.
నూట నలభై ఏడోది పెట్టాలి.